గృహవిషయములు: కారుపై ఎండిపోయిన రంగు చుక్కలు

ఈ శీర్షికక్రింద మేము ఇంతవరకు ఇత్తడి పాత్రల చిలుమును గూర్చియు, పట్టుచీరల నూనెమరకలను గూర్చియు, వర్షకాలమున పప్పులకు పట్టు పురుగును గూర్చియు వ్రాసియుంటిమి. కారును గూర్చి వ్రాయవలసివచ్చునని ఎన్నడును తలచియుండలేదు. కాని సంక్రాంతి వెళ్లిన వారము దినములకు తాడేపల్లిగూడెమునుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరము మాకు చేరినది. ఆ ఉత్తరమును చదివిన పిమ్మట ఈ మాసమునకు వేఱొక విషయము తోచలేదు.

విషయమేమనగా, వారి పెద్దకుమార్తెకు గడచిన శ్రావణమాసమున వివాహమైనది. క్రొత్త అల్లుడుగారు మొదటి సంక్రాంతికి సొంత కారులో భార్యతో అత్తవారియింటికి వచ్చిరి. పండుగకు ముందు ఇంటికి రంగులు వేయించుట మన గోదావరి జిల్లాలలో ఆచారమే గదా. పది దినములముందే ముగియవలసిన పని, రంగుల కొట్టువారు కోరిన ఛాయ తెప్పించుటలో చేసిన ఆలస్యమువలన భోగి ముందునాటివరకు సాగినది. మేడమీది పిట్టగోడకు రంగు వేయుచుండగా కారు ఆ గోడక్రిందనే ఉన్నది. మఱునాడు ఉదయమున చూడగా కారు ముందు రేకుమీదను, ఎడమప్రక్క తలుపులమీదను మీగడరంగు చుక్కలు గట్టిపడి యున్నవి. అల్లుడుగారు మాటాడలేదట. పండుగ నాలుగు దినములును ముభావముగా ఉండి, కనుమ మఱునాడు కారును బాగుచేయించి పంపుడని చెప్పి అక్కడనే విడిచి, రైలెక్కి హైదరాబాదు పోయిరట. కుమార్తె కన్నీరు పెట్టుకొనుచు వెంట వెళ్లినదట. ఇంటి యజమాని రంగులు వేసిన మేస్త్రీకి ఎనిమిది దినముల కూలి నిలిపివేసిరి. ఆ మేస్త్రీ ప్రతిదినము ఉదయమున వచ్చి గేటుప్రక్క అరుగుమీద కూర్చుండి, ఏమియు అడుగక, గంటసేపుండి పోవుచున్నాడట. “అతడు అడిగిన బాగుండును. అడుగకుండుటయే మాకు ఎక్కువ బాధగా నున్నది” అని ఆ సోదరి వ్రాసిరి. కార్లకు రంగులు వేయు షెడ్డువారు వచ్చి చూచి, మూడు భాగములకు తిరిగి రంగు వేయవలెననియు, అందుకు ఆ కూలికి మూడింతలకు పైగా అగుననియు చెప్పిరట.

మేము అప్పుడు బంధువుల యింటి శుభకార్యమునకై ఏలూరులోనే యుంటిమి. ఏలూరునకును తాడేపల్లిగూడెమునకును నడుమ ఏబది కిలోమీటర్లకు మించదు. ఉత్తరమునకు ఉత్తరము వ్రాయుటకంటె చూచి వచ్చుటయే మేలని ఉదయపు రైలులో బయలుదేఱితిమి. భీమడోలు దాటువఱకు మంచు విడలేదు.

కారు ముదురు నీలిరంగుది. మేము ముందుగా చేసినదెల్ల దానిచుట్టు మెల్లగా తిరిగి చూచుట. ఇంటివారందఱు “రంగు చుక్కలు” అని ఒక్క పేరుతో పిలుచుచున్నవి నిజమునకు మూడు విధముల మరకలు. ముందు రేకుమీదను తలుపులమీదను ఉన్నవి గోడరంగు చుక్కలు, ఆవాలంతవి కొన్ని, శనగగింజలంతవి కొన్ని. వెనుక బంపరుమీద ఆకుపచ్చ చుక్కలు నాలుగైదు కలవు. అవి గోడరంగు కావు, గేటుకు వేసిన ఎనామెలు. ఇక కారు పైకప్పుమీద అచ్చటచ్చట తెల్లని మచ్చలు ఉన్నవి. వీటినికూడ మేస్త్రీ ఖాతాలోనే వ్రాసిరి. కాని మచ్చ నడుమ బూడిదరంగు, అంచులు పలుచన. రంగు అట్లు పడదు. “మీ అల్లుడుగారు ఈ కారును ఎక్కడనైన చెట్లక్రింద నిలిపిరా?” అని అడిగితిమి. అమ్మాయికి పక్షులను చూపించుటకై కైకలూరు దగ్గఱి ఆటపాకకు తీసికొనిపోయిరని తెలిసినది! కొల్లేటి గూడబాతులు ఆటపాకలో వేలకొలది గూళ్లు కట్టుకొనునని మన సోదరీమణులలో ఎందఱో ఎఱుగుదురు. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్సారు ఒడంబడికలోని చిత్తడినేలల పట్టికలో చేరిన సరస్సది. ఆ గూడబాతులుగాని, వాటితో కాపురముండు కొంగలుగాని తమ గుర్తును అల్లుడుగారి కారుమీద విడిచినవి. పాపము, మేస్త్రీ దానికికూడ బాధ్యుడయ్యెను.

మరకను తీయుటకు పూర్వము కారుమీద ఏమున్నదో తెలిసికొనవలెను. మనకు ఒక్క రంగుగా కనబడునది నిజమునకు నాలుగు పూతలు. ఇనుపరేకును ముందుగా పెద్ద తొట్టిలో ముంచి, విద్యుత్తుచేత ఒక పూతను అంటింతురు. తుప్పు పట్టకుండుట కిది ముఖ్యము. దానిపై ప్రైమరు, దానిపై మనకు కనబడు నీలియో ఎఱుపో రంగు, అన్నిటికిని పైన గాజువలె పారదర్శకమైన పూత, అనగా క్లియరుకోటు. ఈ నాలుగును కలిసి నూఱునుండి నూటయేబది మైక్రాన్ల మందముండును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ పాలు. మన తలవెండ్రుక సుమారు డెబ్బది మైక్రాన్లు. పైనున్న క్లియరుకోటు నలుబది, ఏబది మైక్రాన్లు మాత్రమే, అనగా వెండ్రుకకంటె పలుచన. కారు మెఱుపంతయు ఈ పూతలోనే యున్నది, ఎండనుండి క్రింది రంగును కాపాడునదియు నిదియే. మనము మరకను తీయునప్పుడు దీనిని తీయకుండుటయే మొత్తము విద్య. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కార్లలో పాతవాటికి ఈ పై పూత లేదు. వాటిని రుద్దిన గుడ్డకు కారు రంగే అంటును. అట్టి కారు ఎవరియింటనైన ఇంకను ఉన్నచో ఇంకను మెల్లగా చేయి నడుపవలెను.

ముందుగా నీళ్లు. నీళ్లు ధారాళముగా పోసి దుమ్మును వదలించిన తరువాతనే గుడ్డ తాకవలెను. ఎండిన దుమ్ముమీద గుడ్డతో రుద్దుట గరుకుకాగితముతో రుద్దినట్లే. చెఱువుగట్లమీది దారులలో తిరిగిన బండ్లకు ఇది మఱింత నిజము. తరువాత కారు కడుగు షాంపూ కలిపిన నీళ్లతో మెత్తని గుడ్డతో కడిగి, నీడలోనే ఆరనియ్యవలెను. ఎండలో నిలిచిన ముదురురంగు కారు రేకుమీద చేయి పెట్టుటకు వీలుండదు. అట్టి వేడిమీద ఏ ద్రవము పోసినను పనిచేయుటకు ముందే ఆవిరియై మచ్చ కట్టును. కావున ఉదయముననో, సాయంకాలముననో, పందిరిక్రిందనో చేయవలెను.

పిదప ఆ చుక్క ఏ జాతిదో తెలిసికొనవలెను. దీనికి సులభమైన పరీక్ష యున్నది. తెల్లని గుడ్డ కొనను తడిపి, అంతగా కనబడని చోటనున్న చుక్కమీద అరనిమిషము అద్ది తుడిచి చూడవలెను. గుడ్డకు తెల్లగా అంటినచో అది సున్నముగాని, డిస్టెంపరుగాని. అంటనిచో మందులకొట్టులో దొరకు స్పిరిట్టుతో అదే పని చేయవలెను. చుక్క జిగురై గుడ్డకు రంగు అంటినచో అది నీళ్లతో కలుపు గోడరంగు, అనగా ఎమల్షను. దానికిని లొంగనిచో నూనెరంగు, అనగా ఎనామెలు. ఈ పరీక్ష చేయక చేతికందిన డబ్బా తెఱచుటవలననే సగము నష్టములు కలుగుచున్నవి.

తాడేపల్లిగూడెపు కారుమీది మీగడరంగు స్పిరిట్టుకు లొంగినది. ఇప్పటి గోడరంగులలో ఎక్కువభాగము ఈ జాతివే. నీరు ఆవిరికాగా మిగిలిన సన్నని కణములు ఒకదానితో నొకటి అతుకుకొని ప్లాస్టిక్కు పొరవలె నగును. ఒకసారి పొరయైన తరువాత మఱల నీళ్లలో కరగదు. కాని వేడినీటికి మెత్తబడును, ఆల్కహాలుకు ఇంకను మెత్తబడును. అందుచే మేము చేసిన దిది: చేయి ఓర్చునంత వేడినీటిలో రెండు చుక్కల సబ్బుద్రవము కలిపి, పాత నూలుగుడ్డను ముంచి, చుక్కలున్నచోట పరచి, చల్లారకుండ మార్చుచు, పావుగంట ఉంచితిమి. ఆవాలంత చుక్కలు గోటితో నెట్టగనే ఊడివచ్చినవి. శనగగింజలంత వాటికి స్పిరిట్టును నీటిని సమముగా కలిపి గుడ్డ తడిపి ఒక్కొక్కదానిపై ఒక నిమిషము అదిమిపెట్టితిమి. తరువాత పాత ఏటియం కార్డు అంచునకు పలుచని గుడ్డ చుట్టి, సబ్బునీళ్లతో జారునట్లు చేసి, ప్రక్కనుండి నెట్టితిమి. పైనుండి గీకరాదు, ప్రక్కనుండి నెట్టవలెను. ఈ రెండు మాటలకు నడుమ ఎంత దూరమున్నదో దోసె తిరుగవేయు సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒక్కొక్క చుక్క తీయగనే ఆ చోటును సబ్బునీళ్లతో కడిగివేసితిమి. స్పిరిట్టును రేకుమీద నిలువ ఉంచుట మంచిది కాదు.

ఇట్లు తీసిన పిమ్మటకూడ చేతితో నిమిరినచో గరుకుగా తగులు సన్నని తుంపర మిగిలినది. దీనికి కార్ల సామగ్రి అమ్ము అంగళ్లలో క్లే బారు అను ఒక ముద్ద దొరకును. పేరునకు మట్టియేగాని చేతిలో చపాతీపిండివలె నుండును. నిమ్మకాయంత త్రుంచి, బిళ్లగా ఒత్తి, రేకుమీద షాంపూనీళ్లు బాగుగా చల్లి, ఆ తడిమీద బరువు లేకుండ నిలువుగా జార్చవలెను. గుండ్రముగా తిప్పరాదు. మొదట అంటుకొన్నట్లు తగులును, తుంపర తెగినకొలది నున్నగా జారును. ముద్ద మురికియైనప్పుడు మడచి శుభ్రమైన భాగమును పైకి తేవలెను. నేలమీద పడిన ముద్దను మాత్రము ఎంత ఖరీదైనను పారవేయవలసినదే. ఒక్క ఇసుకరేణువు దానిలో చిక్కినచో కారంతయు గీతలు పడును. మేము ఆ యింట ఒక ముద్దను అట్లే పోగొట్టుకొంటిమి. యజమానిగారు దానిని తీసి కడుగబోగా వారించుట కొంచెము కష్టమైనది.

ఆకుపచ్చ ఎనామెలు చుక్కలు ఇంత సుకరముగా వదలలేదు. నూనెరంగు ఎండుట కేవలము ఆరుట కాదు, గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడుట. రెండుమూడు దినములలోపల చూచినచో టర్పెంటైనుతో తడిపిన గుడ్డను రెండు నిమిషములు అద్దిన చాలును, మెత్తబడును. పూర్వము దీనికి కిరసనాయిలు వాడెడివారు, ఇప్పుడు కిరసనాయిలు డబ్బా ఇండ్లలో కానరాని వస్తువైనది. వారములు గడచిన ఎనామెలును టర్పెంటైను కరగించలేదు. ఆ నాలుగైదు చుక్కలలో మూడింటిని క్లే ముద్దతో ఓపికగా అరగంట పనిచేసి తీసితిమి. తక్కిన రెండు అట్లే యున్నవి. వాటిని వదలివేయుడని చెప్పితిమి. బంపరు ప్లాస్టిక్కుది. రెండు ఆకుపచ్చ చుక్కలకొఱకు దానిని పాడుచేసికొనుట తెలివి కాదు.

ప్లాస్టిక్కు అనగా మా అనుభవమొకటి చెప్పవలసియున్నది. కొన్ని యేండ్లక్రిందట మా యింటి కారు ముందుదీపముమీద తెల్లరంగు చుక్క యొకటి పడగా, గోళ్లరంగు తుడుచు ద్రవము చేతిలో నున్నదిగదా యని దానితో తుడిచితిమి. చుక్క పోయినది. దానితోపాటు దీపము స్వచ్ఛతకూడ పోయినది. ఆ చోట పాలు ఒలికినట్లు మసకయై, సన్నని పగుళ్లు కట్టి, ఈనాటికిని అట్లే యున్నది. ఆ ద్రవములో ఎసిటోను ఉండును. దీపములు పాలీకార్బొనేటు అను ప్లాస్టిక్కుతో చేయుదురు. ఈ రెండింటికి బద్ధవైరము. రంగులకొట్టులో అమ్ము థిన్నరునుకూడ దీపములకును, ప్లాస్టిక్కు బంపర్లకును, నల్లని రబ్బరు అంచులకును తాకనీయరాదు. ఇంకొక ప్రమాదము: ఎప్పుడైన దెబ్బతగిలి బయట షెడ్డులో తిరిగి రంగు వేయించిన భాగము కంపెనీ పూతవంటిది కాదు. కంపెనీలో ఆ పూతను పెద్ద పొయ్యివంటి గదిలో కాల్చి గట్టిపఱతురు. షెడ్డు పూతలలో కొన్ని థిన్నరు తగులగనే చుక్కతోపాటు తామును లేచివచ్చును. కారు పూర్వచరిత్ర తెలియనివారు థిన్నరు జోలికి పోవనే వలదు.

పెట్రోలుతో తుడుచు అలవాటు మన ఊళ్లలో ఇంకను ఉన్నది. దానిని గూర్చి రంగు మాట అటుంచుడు. దాని ఆవిరి గాలికంటె బరువై నేలవెంబడి ప్రాకి, వంటయింటి పొయ్యినో, పూజగదిలోని దీపమునో చేరగలదు. దూరముగా నిలిచినను నిప్పు వెనుకకు పరుగెత్తి వచ్చును. పసిపిల్లలున్న యింట ఈ పని ఎవరు చేయుచున్నను ఆపివేయుడు. స్పిరిట్టు, టర్పెంటైనులను సైతము ఆరుబయటనే, అగ్గిపుల్ల దరిదాపుల లేకుండ వాడవలెను. ఆ గుడ్డలను ముద్దగా చుట్టి మూలను పడవేయక విడదీసి గాలికి ఆరవేయవలెను. నూనెరంగు తుడిచిన గుడ్డలు ముద్దగా ఉన్నచో తమంత తామే వేడెక్కి అంటుకొనుటకూడ కలదు. చేతులకంటిన రంగును థిన్నరుతో కడుగవలదు, కొబ్బరినూనె రాచి నిదానముగా నలిచి సబ్బుతో కడిగినచో చర్మము పాడుగాక వదలును.

గూడబాతుల మచ్చల విషయము వేఱు. పక్షిరెట్టలోని తెల్లని భాగము యూరికామ్లము, నీళ్లలో తొందరగా కరగదు, ఎండలో నిలిచినచో పూతను తినివేయును. తడిగుడ్డ పది నిమిషములు పరచి నానిన తరువాత ఎత్తివేయవలెను, రుద్దరాదు. అందులో ఇసుకయు, ఎముకల పొడియు ఉండవచ్చును. మేము ఎత్తి చూడగా రెండుచోట్ల పూత మసకబాఱి గుంటవడి యున్నది. ఆ చిహ్నములు పోవు. ఆ నష్టము రంగు చుక్కలు చేసినదానికంటె ఎక్కువయని యజమానిగారికి చూపితిమి. వారు చాలసేపు దానిని చూచుచు నిలిచిరి.

ఇంతకును షెడ్డువారు తిరిగి రంగు వేయవలెననినది దేనిని చూచి? ఎడమ ముందు తలుపుమీద అఱచేతియంత మేర తెల్లని గీతలు సుడులు తిరిగి యున్నవి. అది రంగు కాదు. మేము గోటిని ఆ గీతలకు అడ్డముగా మెల్లగా నడిపితిమి. కొన్నిచోట్ల గోరు చిక్కినది. గోరు చిక్కని గీత పై పూతలోనిది, సన్నని పాలిషుతో చేతితో రుద్దినచో కనబడనంతగా తగ్గును. గోరు చిక్కిన గీత పూతను దాటి క్రిందికి దిగినది. దానికి పాలిషు పనికిరాదు, ఆ భాగమునకు మఱల రంగు వేయవలసినదే. “ఈ చోట ఏ వస్తువుతో రుద్దిరి?” అని అడిగితిమి. ఎవ్వరును పలుకలేదు. కొంతసేపటికి ఆ యింటి చిన్నకుమారుడు, కళాశాలలో చదువుకొనువాడు, “బావగారు లేవకముందే తీసేద్దామనుకున్నానండీ” అని తల వంచుకొన్నాడు. వంటయింటిలోని గిన్నెలు తోము ఇనుపపీచు తెచ్చి, ఎండిన దుమ్ముమీద, నీళ్లైన లేకుండ రుద్దినాడు. నాలుగు నిమిషములలో భయపడి మానివేసినాడు. ఆ నాలుగు నిమిషములే మేస్త్రీ కూలికి మూడింతలైనవి.

అప్పటికి మేస్త్రీ అరుగుమీదనే యున్నాడు. ఏబదియేండ్లు దాటినవాడు. అతనిని లోపలికి పిలిపించి, ఆనాడు ఏమి జరిగినదో చెప్పుమంటిమి. చెప్పుటకు సంకోచించి, ఆ సోదరి “చెప్పు బాబూ” అనిన తరువాత, “బండి అవతల పెట్టించండమ్మా అని రెండుసార్లు అన్నానండి. తాళం అల్లుడుగారి దగ్గరుంది, ఆయన పడుకున్నారు అన్నారు. పాత దుప్పటి ఇచ్చారు, కప్పాను. గాలికి లేచిపోయింది” అన్నాడు. దుప్పటి ఇచ్చిన మాట నిజమేయని ఆ సోదరి ఒప్పుకొనిరి. యజమానిగారు లోపలికి వెళ్లి కొంతసేపటికి వచ్చి, ఎనిమిది దినముల కూలి లెక్కపెట్టి అతని చేతిలో నుంచిరి. మాట ఏమియు అనలేదు. మేస్త్రీ కన్నుల కద్దుకొని, తాను కట్టుకొని వచ్చిన పాత తువాలుతో, మేము తీయక మిగిల్చిన ఆకుపచ్చ చుక్కలను చూచి, “ఇవి కూడా నావే నండి, గేటు నేనే వేశాను” అన్నాడు. మాకు ఆ క్షణమున నవ్వవలెనో ఏడ్వవలెనో తోచలేదు.

దుప్పటి మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. నూలు దుప్పటిగుండ రంగు ఇంకి కారుకు అంటును, గాలికి ఎగిరిన దుప్పటి తనలోని దుమ్ముతో గీతలు గీయును. పలుచని ప్లాస్టిక్కు పట్టాయు గాలికి కొట్టుకొని అంతపని చేయును. కారును వేఱొక వీధిలో నిలుపుటకంటె మంచి కప్పు లేదు. గొట్టముతో చిమ్ము యంత్రముచేత రంగు వేయించునప్పుడు ప్రక్కయింటివారికికూడ ముందురోజే చెప్పవలెను. ఆ తుంపర గాలివాటున చాలదూరము పోవును. కారుమీద ముందుగా మైనపు పాలిషు పట్టించియున్నచో చుక్కలు అంత గట్టిగా పట్టవు. క్లే ముద్దతో పనిచేసిన తరువాత ఆ మైనము పోవును గనుక తప్పక మఱల పట్టింపవలెను.

కొల్లేటి ప్రాంతమునుండి ఇంకొక సోదరి అడిగిన ప్రశ్న దీనికి దగ్గఱిదే. వారిది చేపలచెఱువుల వ్యాపారము. చెఱువులో నీరు పెట్టుటకు ముందు సున్నము చల్లుదురు. ఆ సున్నపు బస్తాలను కారు వెనుకభాగమున వేసి తెచ్చుటచేతను, గట్టున నిలిపిన కారుమీద ఆ పొడి పడి రాత్రి మంచుకు తడియుటచేతను, తెల్లని చాఱలు గట్టిపడినవట. తడిసిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మఱల సున్నపురాయిగా మాఱును. దానిని సబ్బు కదలింపలేదు. తెల్ల వెనిగరును అంతే నీటితో కలిపి గుడ్డతో అద్దినచో సన్నని నురుగు లేచి కరగును. రెండు మూడు నిమిషములకంటె ఉంచక మంచినీళ్లతో కడిగి, సబ్బునీళ్లతో మఱల కడుగవలెను. మొండిదైనచో మఱల మఱల చేయవలెనేగాని ఎక్కువసేపు ఉంచరాదు. ఇత్తడి తోమునట్లు చింతపండు పనికిరాదా యని వారడిగిరి. పనికిరాదు. చింతపులుసులోని ఆమ్లము సున్నముతో కలిసి నీళ్లలో సులభముగా కరగని తెల్లని పదార్థమునే మఱల చేయును. పీచు, పిక్కల తునకలు గీతలు గీయుట ఇంకొకటి.

పొడి సున్నము అంటియుండగా కొంచెము నీళ్లు చిలుకరించుటయు తప్పే. చల్లార్చని సున్నము కొద్దినీటితో మండును. కారుమీది పొడిని మెత్తని కుంచెతో దులిపి, తరువాత ఒక్కసారిగా ధారాళముగా నీళ్లు పోయవలెను. ఈ పనియందు పిల్లలను దగ్గఱకు రానీయకుడు. సున్నము కంటిలో పడినచో నలుపక, వెంటనే కుళాయిక్రింద కన్ను తెఱచి పట్టుకొని ఇరువది నిమిషములకు తక్కువకాకుండ నీళ్లు పోయుచు, ఆ పిమ్మట ఆసుపత్రికి పోవలెను. మొదట ఆసుపత్రికి పరుగెత్తి దారిలో ఆ ఇరువది నిమిషములు పోగొట్టుకొన్నచో చూపు పోవచ్చును. గట్లమీద సున్నము చల్లు కూలివారలకు కంటద్దములు ఇప్పించు బాధ్యత ఆ సోదరి భర్తగారిది. ఈ మాట వారు కోరకున్నను వ్రాయుచున్నాము.

పాత గేట్లు, కిటికీ ఊచలు గీకి క్రొత్తరంగు వేయువారికి ఒక మాట. పాత ఎనామెలు రంగులలో, ముఖ్యముగా పసుపు, ఎఱుపు, ఆకుపచ్చలలో, సీసము ఉండెడిది. ఇండ్లకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందటి పూతను పొడిగా గరుకుకాగితముతో రుద్దినచో ఆ ధూళి పిల్లల చేతులద్వారా కడుపులోనికి పోవును. తడిపి రుద్దింపుడు, ఆ నీళ్లను పిల్లలు ఆడు చోట పోయింపకుడు, పని ముగిసిన పిమ్మట నేలను చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువుడు.

తాడేపల్లిగూడెపు సోదరి నిన్న మఱల వ్రాసిరి. తలుపు ఒక్కదానికే రంగు వేయించిరట. ఆ ఖర్చు చిన్నకుమారుని చేతిఖర్చులనుండి నెలకు కొంత తగ్గించుకొందురట. అల్లుడుగారు వచ్చి కారు తీసికొనిపోవుచు పైకప్పుమీది రెండు గుంటలను చూచి, “ఇవెక్కడివి?” అని అడిగిరట. “ఆటపాకవి” అని అమ్మాయి చెప్పినదట. ఆయన నవ్విరని వ్రాసిరి. పంపిన క్లే ముద్దలో మిగిలినది ఎట్లు దాచవలెనని వారడిగిరి. షాంపూనీళ్లు కొంచెము చిలికి, గాలి చొరని డబ్బాలో ఎండ తగులని చోట నుంచుడు. ఎండిపోయినచో మఱల వాడకుడు.

వచ్చు సంచికలో, వేసవి ఆవకాయకు జాడీలను కాచి ఆరబెట్టు విధమును గూర్చి ఏలూరు సోదరీమణులు అడిగిన ప్రశ్నలకు సమాధానములు వ్రాసెదము.